నీడలో 42.8 డిగ్రీలు

1988 సెప్టెంబరు 12వ తేదీ సోమవారం ఉదయం శ్రీమతి కృష్ణవేణి గారు ఈ వ్యవసాయ పరిశోధన క్షేత్రంలోని వాతావరణ కేంద్రంలో పరిశీలకురాలిగా ఉద్యోగంలో చేరారు. అప్పటికి ఆమెకు ఇరవై అయిదేళ్లు. 2025 మే 31వ తేదీ శనివారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు చివరి రీడింగు రాసి పదవీ విరమణ చేస్తున్నారు. ఈ రెండు తేదీల మధ్య ముప్పయ్యారేళ్ల ఎనిమిది నెలల పంతొమ్మిది రోజులు ఉన్నాయి.

నేను ఈ క్షేత్రం ఉద్యోగిని కాను. ఒక దినపత్రికకు విలేకరిగా పనిచేస్తూ, 1998 నుంచి రోజూ సాయంత్రం అయిదు గంటలకు ఆమెకు ఫోను చేసి ఆనాటి ఉష్ణోగ్రతలు అడిగి రాసుకున్నవాడిని. ఇరవై ఏడేళ్లు ఆమె కొలిచారు, నేను అచ్చు వేయించాను, కాబట్టి మీరూ సహోద్యోగి కిందే లెక్క అని సిబ్బంది ఈ వీడ్కోలు సంచికకు నన్ను రాయమన్నారు. ఆ మాటకు కృతజ్ఞుణ్ని. ఆ అచ్చులో నావల్ల జరిగిన ఒక తప్పు ఉంది. దాని సంగతి దాని తేదీ వచ్చినప్పుడు చెబుతాను.

కృష్ణవేణి గారు పుట్టింది మాచర్లలో. బస్టాండు ఎదురుగా వాళ్ల నాన్నగారికి కిరాణా కొట్టు ఉండేది. నరసరావుపేటలో భౌతికశాస్త్రం ప్రధాన పాఠ్యాంశంగా డిగ్రీ చదివారు. నియామక పత్రం చేతికి వచ్చిన రోజు నాన్నగారు దాన్ని రెండుసార్లు చదివి, “ఎండ కొలిచినందుకు జీతమిస్తారంట. మన కొట్టు ముందు స్టూలేసుకుని కూర్చుంటే ఊరికే తెలిసేది గదమ్మా” అన్నారట. ఆ మాట ఆమె ఇప్పటికీ చెప్పి నవ్వుతారు. 1990లో గురజాలలో బట్టల వ్యాపారం చేసే సత్యనారాయణ గారితో వివాహం జరిగింది. 1993లో కుమార్తె భవిత పుట్టింది. 2004లో టెక్నికల్ అసిస్టెంటుగా పదోన్నతి వచ్చింది. హోదా మారింది గాని పని మారలేదు.

ఆ పని ఏమిటో కుటుంబ సభ్యులు కూడా చదువుతారు కనుక చెప్పాలి. క్షేత్రంలో కంచె వేసిన గడ్డినేల మీద, నాలుగడుగుల ఎత్తున, తెల్లరంగు వేసిన ఒక చెక్కపెట్టె ఉంది. దాని గోడలు వాలుగా పేర్చిన పలకలు. గాలి లోపలికి వెళుతుంది, ఎండ వెళ్లదు. తలుపు ఉత్తరం వైపు ఉంటుంది, తెరిచినప్పుడు కూడా సూర్యుడు లోపలికి చూడకుండా. లోపల నాలుగు థర్మామీటర్లు ఉంటాయి. ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ఒకసారి, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు ఒకసారి వాటిని చూసి రాయాలి. పెట్టెకు పదడుగుల దూరంలో దిమ్మె మీద ఒక గాజుగోళం ఉంది. దాని వెనక రోజుకొక అట్ట పెడతారు. సూర్యుడు కదిలేకొద్దీ గోళం గుండా పడ్డ ఎండ ఆ అట్టను కాలుస్తూ పోతుంది. మబ్బు పట్టినంతసేపు అట్ట కాలదు. పొద్దు గూకాక అట్ట తీసి, కాలిన గీతను కొలిస్తే ఆ రోజు ఎన్ని గంటలు ఎండ కాసిందో తెలుస్తుంది. సెలవులు, పండుగలు ఈ పనికి లేవు.

ఆమె అంకె మార్చిన రోజు లేదు. 1999 మే నెలలో ఒక అధికారి ఫోను చేసి, చుట్టుపక్కల అన్ని చోట్లా నలభై అయిదు దాటిందనీ, ఇక్కడొక్కచోటే నలభై నాలుగు పాయింట్ ఒకటి అంటే బాగుండదనీ, సవరించి పంపమనీ అడిగారు. “పాదరసం నా మాట వినటం లేదు సార్. మీరొచ్చి చెప్పి చూడండి” అన్నారు కృష్ణవేణి గారు. అటెండరు అబ్దుల్ మజీద్ గారు అప్పుడు పక్కనే ఉన్నారు. ఆ తర్వాత ఈ ఆఫీసులో ఎవరు ఏ పని కాదన్నా “పాదరసం వినటం లేదు” అనడం అలవాటయింది.

సాయంత్రం నాతో ఫోనులో మాట్లాడేటప్పుడు ఆమె ముందు “నీడలో” అని, తర్వాత అంకె చెప్పేవారు. “నీడలో నలభై ఒకటి పాయింట్ రెండు.” రోజూ అంతే. పత్రికలో ఉష్ణోగ్రతలు వేసే చిన్న గడిలో మూడు అంకెలకే జాగా ఉండేది. నీడలో అన్న మాటను నేను తీసేసేవాణ్ని. అలా పద్దెనిమిదేళ్లు తీసేశాను.

2016 ఏప్రిల్ 27, బుధవారం. ఆ రోజు గరిష్ఠ ఉష్ణోగ్రత 42.8 డిగ్రీలు. అదే రోజు మధ్యాహ్నం మాచర్ల, గురజాల మధ్య తెల్లబోడు అనే చోట సున్నపురాయి క్వారీలో కోటిబాబు గారనే కార్మికుడు మరణించారు. వయస్సు ముప్పయ్యారు. ఒంటిగంటన్నర ప్రాంతంలో ఆయన తూలారు, సంబంధం లేని మాటలు మాట్లాడారు, పాట పాడారు. తోటివాళ్లు నవ్వారు. మూడు గంటలకు లేపబోతే లేవలేదు. శవపరీక్ష జరగలేదు. మండల స్థాయి కమిటీ విచారణకు వచ్చి మేస్త్రిని అడిగింది, ఆనాటి ఉష్ణోగ్రత ఎంతో ఈ కేంద్రాన్ని అడిగింది. కృష్ణవేణి గారు 42.8 అని రాసి సంతకం చేసి పంపారు. ఆ రోజుకు వడగాలుల హెచ్చరిక లేదనీ, మృతుడు మద్యం సేవించి ఉన్నట్టు మేస్త్రి చెప్పాడనీ, ఇది ఎండదెబ్బ మరణం కాదు కనుక పరిహారం రాదనీ కమిటీ తేల్చింది. ‘మద్యం మత్తులో క్వారీ కార్మికుడి మృతి’ అని మా పత్రికలో ఏడు లైన్ల వార్త వచ్చింది. ఆ వార్త రాసింది నేను. తెల్లబోడు వెళ్లకుండా, కమిటీ కాగితం చూసి రాశాను.

మే నెల 16న కోటిబాబు గారి భార్య లక్ష్మీతిరుపతమ్మ గారు ఈ క్షేత్రానికి వచ్చారు. ఆమె కూడా అదే క్వారీలో రాయి మోసే కార్మికురాలు. భర్త పోయిన రోజున ఆమె ఈపూరులో పుట్టింట్లో ఉన్నారు. ఆమె ఇక్కడికి వచ్చిన సంగతి మజీద్ గారు చెప్పగా రాస్తున్నాను.

గేటు దగ్గర ఆయన ఆమెను ఆపారు.

“ఎవురు కావాలమ్మా?”

“ఎండ కొలిచే ఆమె.”

“మేడం గారు రీడింగు దగ్గరున్నారు. కూర్చో.”

“కూర్చోటానికి రాలా అన్నా. ఒక మాట అడిగి పోటానికి వచ్చా.”

రెండూ పది దాటాక కృష్ణవేణి గారు కంచె బయటికి వచ్చారు. తిరుపతమ్మ గారు తన పేరు, భర్త పేరు చెప్పి అడిగారు.

“మా ఆయన చచ్చిపోయిన రోజు ఎండ తక్కువుందని మీరు రాసిచ్చారంట. నిజమేనా?”

“తక్కువని రాయలేదమ్మా. నలభై రెండు పాయింట్ ఎనిమిది అని రాశాను. ఉన్నదే రాశాను.”

“ఏడ కొలిచారు?”

కృష్ణవేణి గారు ఆమెను కంచె లోపలికి తీసుకెళ్లి పెట్టె తలుపు తెరిచారు. తిరుపతమ్మ గారు లోపల చెయ్యి పెట్టి చూశారు.

“ఇందులోనా? ఇది నీడ గదా.”

“అవునమ్మా. ఎక్కడైనా నీడలోనే కొలుస్తారు. గాలి ఎంత వేడెక్కిందో తెలియాలంటే ఎండ తగలకూడదు.”

“మా ఆయన నీడలో చచ్చిపోలేదమ్మా.”

కృష్ణవేణి గారు తలుపు మూశారు. లోపలికి వెళ్లి ఏప్రిల్ 27 నాటి అట్ట వెతికి తెచ్చారు. దాని మీద కాలిన గీత ఒక చివర నుంచి రెండో చివరదాకా ఎక్కడా తెగలేదు. పది గంటల ఇరవై నాలుగు నిమిషాల ఎండ.

“ఒంటిగంటన్నర ఏడుంటది ఇందులో?” అని తిరుపతమ్మ గారు అడిగారు. కృష్ణవేణి గారు చూపించారు. అక్కడ అట్ట ఇవతలి నుంచి అవతలికి కాలిపోయి ఉంది. తిరుపతమ్మ గారు ఆ చోట వేలు పెట్టి కాసేపు ఉంచారు.

“డబ్బులియ్యకపోతే పోనియ్యండి. తాగి చచ్చాడని రాశారే, ఆ ముక్క కొట్టేయించండి. చుట్ట తప్ప ఏదీ ముట్టని మనిషి. మా మహేశ్వరి వీధిలోకి పోతే బడి పిల్లలు తాగుబోతోడి కూతురంటన్నారు. నేను రాయెత్తుకుంటా ఉంటే ఎనక నుంచి నవ్వుతన్నారు. ఆయన్ని ఎండే చంపింది. మీది ఎండ కొలిచే ఆపీసేగా? మీరు రాయకపోతే ఎవురు రాస్తారు?”

ఆ ప్రశ్నకు ఆ రోజు కృష్ణవేణి గారు జవాబు చెప్పలేదు. తర్వాతి తొమ్మిదేళ్లు ఆమె ఉద్యోగంతో పాటు చేసిన పని ఆ జవాబే.

భౌతికశాస్త్రం చదివిన మనిషికి ఆ పెట్టెలో లేనిది ఏమిటో తెలుసు. సూర్యుడు పంపేది వేడిగాలిని కాదు, కిరణాలను. కంటికి కనిపించేది అందులో ఒక భాగమే. నేలకు చేరేదాంట్లో కాంతి నలభై శాతం పైచిలుకు. సగానికి పైగా పరారుణ కిరణాలు, అవి కంటికి కనబడవు, ఒంటికి వేడిగా తగులుతాయి. అయిదు శాతం లోపు అతినీలలోహిత కిరణాలు, అవి తగిలినట్టు కూడా తెలియదు, చర్మాన్ని, కంటిని పాడు చేస్తాయి. ఎక్స్ కిరణాలు వాతావరణం పై పొరల్లోనే ఆగిపోతాయి. రేడియో తరంగాలు నేలదాకా వస్తాయి, మనిషిని ఏమీ చేయవు. పెట్టెకు వేసిన తెల్లరంగు, దాని వాలు పలకలు, ఉత్తరపు తలుపు, ఇవన్నీ ఈ కిరణాలు థర్మామీటరుకు తగలకుండా ఆపడానికి పెట్టినవే. క్వారీలో పనిచేసే మనిషికి అలాంటి పెట్టె లేదు. పైనుంచి ఎండ పడుతుంది. తెల్లరాయి అదే ఎండను కింది నుంచి మొహం మీదికి కొడుతుంది. కాలిన బండ తనంత తాను వేడిని వెదజల్లుతుంది. గుంత గోడలు గాలిని రానివ్వవు.

దాన్ని కొలవడానికి నల్లరంగు పూసిన రాగిగోళం ఒకటి ఉంటుందని ఆమె చదువుకున్నారు. మన కేంద్రంలో అది లేదు. కొనమని ఇండెంటు పెడితే రాలేదు. ఇంట్లో వ్రతాలకు వాడే రాగిచెంబు తీసి, కిరోసిన్ దీపం మీద తిప్పి మసి పట్టిస్తుంటే అత్తగారు వెంకమ్మ గారు చూశారు.

“ఏమే కృష్ణవేణీ, దేవుడి చెంబుకి మసి పూస్తన్నావేందే?”

“ఎండ కొలవాలి అత్తయ్యా.”

“మీ ఆపీసులో లేవా చెంబులు?”

“ఉన్నయ్యి గాని, అవన్నీ నీడలో ఉన్నయ్యి.”

“అయితే నా చెంబు ఎండలో మాడాలా? చింతపండు పెట్టి తోమి, మళ్లీ వ్రతానికి తెచ్చియ్యి.”

చెంబు మళ్లీ వ్రతానికి రాలేదు. ఆ ఏడాది కార్తీకంలో వెంకమ్మ గారు స్టీలు చెంబుతో కానిచ్చారు.

2016 మే 29, ఆదివారం. కృష్ణవేణి గారు, మజీద్ గారు బస్సులో తెల్లబోడు వెళ్లారు. చెంబు మూతికి బెండు బిగించి, అందులోంచి థర్మామీటరు దించి, కోటిబాబు గారు పడుకున్న బండ మీద ముక్కాలి పీటేసి నిలబెట్టారు. కార్మికులు అన్నాలు తింటూ చూస్తున్నారు.

“ఏంది బాబాయ్ అది?” అని ఎవరో అడిగారు.

“మేడం గారు సూర్యుడికి టీ కాస్తన్నారు. ఉండండి, మరిగాక మీకూ పోస్తారు” అన్నారు మజీద్ గారు.

ఒంటిగంటన్నరకు చెంబులో 59.5 డిగ్రీలు ఉంది. రెండూ పదికి, ఆమె బదులు మన పెట్టె దగ్గరున్న ఉద్యోగి ఆనాటి గరిష్ఠం 43.1 అని ఫోనులో చెప్పారు. ఆమె రెండు అంకెలూ కార్మికులకు చెప్పారు. సూర్యుడి నుంచి ఏమేం వస్తాయో చెప్పారు. ఇరవై మంది దాకా ఉన్నారు.

“ఎక్స్-రేలు కూడా ఆయన కాణ్ణుంచే వస్తయ్యా?” అని శివనాగరాజు అనే డ్రిల్లరు అడిగారు. “మరి ఎండలో నిలబడితే మా ఎముకలు కనపడవేంది?”

“అవి పైనే ఆగిపోతాయి బాబూ. ఇక్కడిదాకా వస్తే మనం ఎవరం ఉండం.”

“రేడియో వస్తదన్నారు గదా. పాటలొస్తయ్యా మేడం?”

“పాటలు రావు. గరగర వినపడుతుందంతే.”

“అదైతే మా మేస్త్రి నోట్లోంచి రోజూ వింటన్నాం” అన్నారు ఒకామె. అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వారు.

అప్పుడు కృష్ణవేణి గారు ఎండదెబ్బ తగిలినవాడు ఎలా ఉంటాడో చెప్పారు. తల తిరుగుతుంది. తూలతాడు. మాట తడబడుతుంది. ఏదేదో వాగుతాడు, ఒక్కోసారి నవ్వుతాడు, పాడతాడు. చివరికి చెమట ఆగిపోతుంది, ఒళ్లు కాలిపోతుంది. చూసేవాళ్లకు తాగినవాడిలా కనిపిస్తాడు.

మేస్త్రి క్యారేజీ గిన్నె కింద పెట్టారు.

“చెమట లేదమ్మా” అన్నారు.

“ఎవరికి?”

“కోటిబాబుకి. మూడింటికి లేపబోతే పెనం మీద చెయ్యి పెట్టినట్టుంది. చెమట చుక్క లేదు. మందు వాసన కూడా రాలా. తూలాడు గదా, పాడాడు గదా, తాగొచ్చాడనుకున్నా. పండుకోరా, దిగిద్దిలే అన్నా. ఆడనే, ఆ బండ మీదనే పండుకోమన్నా.”

“ఇదంతా కమిటీకి చెప్పారా?”

“తాగాడా అనడిగారు. ఆ అన్నా. ఇంకేం అడగలా.”

ఆడవాళ్ల గుంపులోంచి తిరుపతమ్మ గారు అడిగారు. “నీళ్లన్నా పోయలేదా మామా?”

“పోయలా” అన్నారు మేస్త్రి.

తిరుపతమ్మ గారు క్యారేజీ మూత పెట్టి రాళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. మిగతా అందరి భోజనం అక్కడితో ఆగింది.

మేస్త్రి ఆ మాటలన్నీ కాగితం మీద రాయించి సంతకం పెట్టారు. కృష్ణవేణి గారు ఆ కాగితాన్ని, ఏప్రిల్ 27 నాటి అట్ట నకలును, చెంబు రీడింగును జతపరిచి, జూన్ 8న కమిటీకి లేఖ పంపారు. చెంబు ప్రమాణ పరికరం కాదని, ఆ రీడింగు వేరే తేదీదని తానే అందులో రాశారు. దాచలేదు. అయిదు నెలల తర్వాత జవాబు వచ్చింది. చెంబు ప్రమాణ పరికరం కాదనీ, రీడింగు వేరే తేదీదనీ, శవపరీక్ష లేదనీ అందులో ఉంది. ఆమె రాసిన వాక్యాలనే ఆమెకు తిప్పి పంపారు. 2018లో మళ్లీ రాశారు. 2021లో రాశారు. అప్పటికి కమిటీలో మనుషులు మారారు, జవాబు మారలేదు. నేను సవరణ వేద్దామని మా డెస్కును అడిగాను. కమిటీ మారిస్తే వేద్దామన్నారు. కమిటీ మార్చలేదు కనుక మేమూ వేయలేదు.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం ఉష్ణోగ్రతలు చెప్పాక ఆమె ఫోను పెట్టేయలేదు. “నా రీడింగు తప్పయితే దిద్దుకునేదాన్ని సార్. అది తప్పు కాదు. అదే బాధ” అన్నారు.

ఏటా మార్చిలో ఒక ఆదివారం ఆమె చెంబు పట్టుకుని తెల్లబోడు వెళ్లేవారు. 2017లో క్వారీలో టార్పాలిన్ పందిరి వేశారు. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా గుంతలోకి దిగకూడదని మేస్త్రి నియమం పెట్టారు. యజమాని ఒప్పుకోకపోతే, “నన్ను తీసేసి ఇంకోణ్ని పెట్టుకోండి” అన్నారని కార్మికులు చెబుతారు. 2019 జూన్ 2న ఉదయం పదకొండు గంటలకు శివనాగరాజు గారు డ్రిల్లు వదిలేసి నవ్వడం మొదలుపెట్టారు. “తాగినోడి మాదిరున్నాడురా, ఎత్తండి, ఎత్తండి!” అని మేస్త్రి కేకేశారు. లారీ కిందికి ఈడ్చి, ఒళ్లంతా తడిపి, ట్యాంకరు నీళ్లు పోస్తూనే ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆయన బతికారు. ఇప్పటివరకు ఆ క్వారీలో అలా నీడకు చేర్చినవాళ్లు పదమూడు మంది. ఒక్కరూ చనిపోలేదు.

ఉద్యోగంలో ఆమె సాధించినదేమిటని అడిగితే నేను ఈ అంకె చెబుతాను. ఆమె ఒప్పుకోరు. శివనాగరాజు గారు డిశ్చార్జి అయిన రోజు ఆమె తిరుపతమ్మ గారికి ఫోను చేసి ఆ సంగతి చెప్పారు. “నాగరాజు బతికాడు, చానా సంతోషం అక్కా” అన్నారు తిరుపతమ్మ గారు. “మా ఆయన కాయితం మాత్రం మారలా.”

2024 డిసెంబరులో కృష్ణవేణి గారు నాలుగో లేఖ రాశారు. మే నెలాఖరుకు తన ఉద్యోగం అయిపోతుందని, తర్వాత తన సంతకానికి విలువ ఉండదని, ఈ లోపల పునఃపరిశీలించమని కోరారు. ఫిబ్రవరి 11న రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఈ విషయం ముగిసిందని మొదటిది. ఇకమీదట ఉత్తరప్రత్యుత్తరాలు ఉండవని రెండోది. అదే నెలలో క్షేత్రంలో ఆటోమేటిక్ కేంద్రం పెట్టారు. అది పదిహేను నిమిషాలకొకసారి తనే కొలిచి తనే పంపుతుంది. ఆమె పోస్టులోకి ఎవరూ రావడం లేదు.

ఏప్రిల్‌లో ఈ వ్యాసం కోసం వివరాలు అడగడానికి వచ్చాను. చేరిన తేదీ, పదోన్నతి తేదీ ఇచ్చి, ఆమె ఇలా అన్నారు. “నా గురించి ఎంత రాసినా ఎవరు చదువుతారు సార్? ఫొటోలు చూసి భోజనానికి వెళతారు. ఆ కోటిబాబు సంగతి ఒక్కటి సరిగ్గా రాయండి. కమిటీ రాయలేదు, మీ పేపరు రాయలేదు. ఈ సంచిక మన సొంతమే గదా.”

కాబట్టి రాస్తున్నాను. 2016 ఏప్రిల్ 27న తెల్లబోడు క్వారీలో మరణించిన కోటిబాబు గారు మద్యం సేవించలేదు. ఆయనను సూర్యరశ్మి, దాన్ని తిప్పికొట్టిన రాయి చంపాయి. ఆ మరణం మీద నేను రాసిన వార్త తప్పు. ఆ రోజు నీడలో 42.8 డిగ్రీలు. ఆయన నీడలో లేరు.

ఈ ప్రతి అచ్చుకు వెళ్లే ముందు, మే 18న, కృష్ణవేణి గారు తిరుపతమ్మ గారిని ఆఫీసుకు పిలిపించి మొత్తం చదివి వినిపించారు. మజీద్ గారు, నేను అక్కడే ఉన్నాం. అయిపోయాక తిరుపతమ్మ గారు ఒకటే అడిగారు.

“మామ పేరు తీసెయ్యండక్కా.”

నా ప్రతిలో మేస్త్రి పేరు, ఇంటిపేరు, ఊరు ఉన్నాయి. “ఆయనే గదా చెప్పింది, సంతకం కూడా పెట్టాడు” అన్నారు మజీద్ గారు.

“పెట్టాడులే అన్నా. ఆ రోజు కాణ్ణుంచి నా ఎదురుగా కూర్చుని ముద్ద తినలా. ఆయనకీ మనవరాళ్లు ఉన్నారు, వాళ్లూ బడికి పోతన్నారు. పేరు అచ్చులో పడితే ఇంట్లోవాళ్లకి ఎట్టుంటదో మాకు తెలుసు. తీసెయ్యండి.”

తీసేశాను. ఈ వ్యాసంలో ఆయన మేస్త్రి మాత్రమే.

“ఇంకేమన్నా మార్చాలా?” అని కృష్ణవేణి గారు అడిగారు.

“ఇంకేం లేదక్కా. ఇంకోసారి చదవండి. మొత్తం వద్దు. ఆయన తాగలేదన్న కాడ.”

కృష్ణవేణి గారు కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, ఆ వాక్యం మళ్లీ చదివారు. తర్వాత వాళ్లిద్దరూ చాలాసేపు వరండాలో కూర్చున్నారు. మేం లోపలికి వచ్చేశాం.

శ్రీమతి కృష్ణవేణి గారు, సత్యనారాయణ గారు నిండు ఆరోగ్యంతో నూరేళ్లు కలిసి ఉండాలనీ, భవిత బిడ్డలు ఆమె ఒళ్లో పెరగాలనీ, ఇన్నేళ్లుగా ఏడూ పదికి, రెండూ పదికి లేచి వెళ్లిన మనిషికి ఇకనైనా ఏ వేళకూ లేవనవసరం లేని రోజులు దండిగా దొరకాలనీ ఈ క్షేత్రం సిబ్బంది తరఫున కోరుకుంటున్నాను. తెల్లబోడు క్వారీ నుంచి పదమూడు మంది తమ పేర్లు కూడా ఈ కోరికలో చేర్చమన్నారు. పద్నాలుగో పేరు లక్ష్మీతిరుపతమ్మ గారిది.